నా మీద నేనే గెలిచిన వాదనలు

మా చెల్లెలి కూతురు ఫోన్ చేసినప్పుడు నేనింకా మంచం మీదే ఉన్నాను. పొద్దెక్కి చాలాసేపయింది. సూర్యాపేటలో మా వీధిలోకి కూరగాయల బండి వచ్చి, అరిచి, వెళ్లిపోయింది కూడా. లేవాలంటే ఎందుకు లేవాలో ఒక కారణం కావాలి. ఆ రోజుల్లో నాకది దొరికేది కాదు.

"మామా, పెండ్లి ఖాయమైంది. కోదాడలనే, ఫంక్షన్ హాల్ల. నువ్వే చెయ్యాలె."

ఆమె కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తనతోపాటు పనిచేసే అబ్బాయినే చేసుకుంటానని, పురోహితుడు లేకుండా, దండలు మార్చుకుని, అందరి ముందూ ప్రమాణాలు చదివి చేసుకుంటానని చాలాకాలంగా రెండిళ్లతోనూ పోరాడుతోంది. అలాంటి పెళ్లిళ్లు జరిపించడమే నా పని. ఉద్యోగం లెక్చరర్‌గా చేసినా, ఊళ్లలో నన్ను గుర్తుపట్టేది హేతువాద సభల వల్ల, ఈ పెళ్లిళ్ల వల్ల.

"మంచిది బిడ్డా" అన్నాను.

"ఒక్కటే ముచ్చట మామా. ఆయన వాళ్లమ్మ, అయ్యగారు వద్దంటే ఒప్పుకున్నది, ముహూర్తం వద్దంటే ఒప్పుకున్నది. అచ్చింతలు మాత్రం ఉండాలంటున్నది."

"అచ్చింతలుంటే నేను రాను."

"నువ్వు రాకపోతే సక్కగ అయ్యగారే వస్తడు. పెద్దమనిషి ఒకడు నిలబడి చేస్తడన్న ధైర్యం మీదనే వాళ్లు ఊకున్నరు. నువ్వు లేకుంటే మేమిద్దరం స్టేజీ మీద దిష్టిబొమ్మల లెక్క నిలబడాల్నా?"

పాణం బాగాలేదు, తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. పాణం బాగాలేదన్నది నిజమే.

అక్షింతల మీద నా పంతం ఈనాటిది కాదు. "వరి పండించే జిల్లాలో బియ్యం నెత్తిన చల్లుకోవడమేమిటి, ఆకలిగా ఉన్నవాడి కంచంలో పెట్టండి" అని నేను ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. మా వేదికల మీద పూలరేకులే. ఒకసారి తుంగతుర్తిలో, ప్రమాణాలు సగంలో ఉండగా ఎవరో పెద్దాయన గుప్పెడు అక్షింతలు విసిరితే, చేతిలో కాగితం మడిచి వేదిక దిగిపోయాను. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. ఉంటే పూర్తిగా ఉండాలి, లేకపోతే అసలే ఉండకూడదు. దీన్ని నేను నిజాయితీ అనేవాణ్ణి. ఇప్పటికీ అందులో కొంత నిజాయితీ ఉందనే అంటాను.

ఆ తూకంతోనే ఈమధ్య నన్ను నేను తూచుకోవడం మొదలుపెట్టాను.

రిటైరయ్యాక కూడా సూర్యాపేటలో నెలనెలా సభ నడుపుతూనే ఉన్నాను. ఒకప్పుడు కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడేవారు. ఆ మధ్య జరిగిన సభకు వచ్చినవాళ్లంతా ఒక్క బల్ల చుట్టూ సరిపోయారు. అందులో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. వాస్తు మీద నేను నిప్పులు కక్కుతుంటే శ్రద్ధగా తలూపుతున్న ఒకాయన చేతికి ఎర్రదారం ఉంది.

ఇంటికి వచ్చి నన్ను నేను బోనులో నిలబెట్టుకున్నాను. జీవితమంతా మాట్లాడావు కదా, ఈ ఊళ్లో వాస్తు కోసం మెట్లు పగలగొట్టించేవాళ్లు పెరిగారా, తగ్గారా? పెరిగారు. నీ దగ్గర చదువుకున్నవాళ్లు కారు కొంటే ముందు ఏం కొంటున్నారు? నిమ్మకాయలు. అయితే నీ బతుకు వృథా. ఔనా, కాదా? ఒక్క మాటలో చెప్పు.

ఒక్క మాటలోనే చెప్పేవాణ్ణి. ఎదుటివాణ్ణి మూలకు నెట్టడమే విద్యగా నేర్చినవాడు తనకు తానే ఎదుటివాడైతే తప్పించుకునే సందు ఉండదు. ఆ సందులన్నీ మూయడం నాకే బాగా తెలుసు. ఆ వాదన రోజూ జరిగేది, రోజూ నేనే గెలిచేవాణ్ణి, గెలిచిన ప్రతిసారీ ఇంకాస్త కిందికి దిగిపోయేవాణ్ణి. అన్నం సహించడం మానేసింది. ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. ఎవరో ఏదో అడుగుతారు, నేను చేయలేను, చేయలేనివాడు ఎందుకుండాలి? ఆలోచన అంతదాకా వెళ్లేది. ఆ చివరి మాట ఒకరోజు పైకే అనేశాను, నా భార్యకు వినపడింది.

పెళ్లయిన కొత్తలో నన్ను 'మీరు' అనొద్దని పట్టుబట్టి సాధించుకున్నాను. ఆ సంస్కరణ ఫలితం ఆరోజు పూర్తిగా అనుభవించాను.

"దయ్యం పట్టిందన్నోళ్లందరిని దవాఖానకు పోండ్రి అని ఊరూరు తిరిగి చెప్తివి. మరి నువ్వెందుకు పోవు? నీకు పట్టింది మేలుజాతి దయ్యమా?"

"నాది జబ్బు కాదు. నిజం తెలిసిన బాధ."

"నిజం తెలిసినోనికి ఆకలి కాదా? నిద్ర రాదా? లే, అంగీ తొడుక్కో."

ఆవిడ నన్ను తీసుకెళ్లి చూపించిన, మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ వయసులో నా విద్యార్థినిలా ఉంది. మాత్రలు రాసింది, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పింది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. వెళ్లాను. మంచిగా ఆలోచించండి, అంతా మంచే జరుగుతుంది అంటుందేమోనని కాచుకుని కూర్చున్నాను. ఆ రకం సలహాలు నా ఫోన్లోకి పొద్దున్నే గులాబీ పువ్వులతో కలిసి వస్తాయి. వాటికీ తాయెత్తుకీ నాకు తేడా కనిపించదు. అంతా చెడే అనేవాడిది ఎంత గుడ్డితనమో, అంతా మంచే అనేవాడిదీ అంతే. ఆమె ఆ మాట అని ఉంటే మరుసటి వారం నుంచి వెళ్లకుండా ఉండేవాణ్ణి.

అనలేదు. చాలాసేపు విని, "సార్, మీ మాటల్లో రెండే గడులున్నాయి. అంతా, లేకపోతే ఏమీ లేదు. మధ్యలో ఏదీ రావట్లేదు" అంది.

"మధ్యలో ఉండేవాళ్లని మేం అవకాశవాదులంటాం."

ఆమె నవ్వింది. "మీ సభల్లో ఎదుటి పక్షాన్ని మాట్లాడనిస్తారా?"

అడగకూడనివాణ్ణి అడిగింది. పూర్వపక్షం గురించి చాలాసేపు చెప్పాను. ఖండించబోయే వాదాన్ని ముందు పూర్తిగా, బలంగా, దాని తరఫునే నిలబడి చెప్పాలి. మా అధ్యయన తరగతుల్లో అదే కఠిన నియమం. ఛాందసుడి వాదన ఛాందసుడే తల ఊపేలా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హత ఉండేది కాదు. మిర్యాలగూడలో ఒక ప్రవచనకారుడితో వాదానికి కూర్చున్నప్పుడు ఆయన పక్షాన్ని నేను ఎంత బాగా చెప్పానంటే ఆయన భక్తులే ముందు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతే నా పని మొదలుపెట్టాను.

"మరి మీ మీద మీరు రోజూ నడుపుతున్న కేసులో పూర్వపక్షం ఎవరు చెబుతున్నారు?" అంది డాక్టరమ్మ.

కోపం వచ్చింది. నా నియమంతో నన్నే పట్టుకుంది. వారం తర్వాత ఆ పక్షం తయారుచేసుకుని రమ్మంది. మెచ్చుకోలు వద్దు, ఓదార్పు వద్దు, ప్రత్యర్థి ఒప్పుకునేంత ఖచ్చితంగా ఉంటే చాలంది.

తయారుచేయడానికి ఓపిక లేదు. కానీ చిన్నప్పటి నుంచి హోంవర్క్ ఎగ్గొట్టిన అలవాటు కూడా లేదు. కుర్చీలో కూర్చుని, నా బతుకు పూర్తిగా వృథా అన్న వాదానికి ఎదురుగా ఏముందా అని వెతికాను. ఆత్మకూరు వైపు ఒక పల్లె గుర్తొచ్చింది. అక్కడ ఒక ఒంటరి ముసలమ్మ చేతబడి చేస్తోందని ఊరు ఊరంతా కట్టగట్టుకుని తరిమేయబోతుంటే మేం వెళ్లి ఆమె గుడిసె ముందు కూర్చున్నాం. డాక్టర్లను తీసుకొచ్చాం, పోలీసుల్ని తీసుకొచ్చాం, వాదించాం. ఊరు నమ్మలేదు. మేం తిరిగొస్తుంటే మా వెనకే ఉమ్మేశారు కూడా. నా లెక్కలో అది ఓటమి. కానీ ఆమెను తరమలేదు. బతికినన్నాళ్లు ఆ గుడిసెలోనే బతికింది, అందులోనే పోయింది. ఆ నమ్మకం మాత్రం ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది.

అది గెలుపా, ఓటమా? ఏ గడిలో పెట్టినా అబద్ధమవుతోంది. గెలిచామంటే ఊరు ఒప్పుకోదు. ఓడామంటే ఆ ముసలమ్మ ఒప్పుకోదు.

దాంతో కమ్మిన మబ్బు విడిపోయిందని చెప్పను. మర్నాడు కూడా మంచం దిగడం కష్టంగానే ఉంది. ఒక్క తేడా వచ్చింది. 'అంతా వృథా' అన్న తీర్పు వచ్చినప్పుడు, అది తీర్పు కాదు, ఒక పక్షం వాదన మాత్రమే అని గుర్తుపట్టగలుగుతున్నాను. గుర్తుపట్టినంత మాత్రాన అది ఆగదు. కాకపోతే దాని మాటే ఆఖరి మాట అన్న నమ్మకం సడలింది.

అలా గుర్తుపట్టడం అలవాటవుతున్న రోజుల్లోనే ఆ ఫోన్ వచ్చింది. 'అచ్చింతలుంటే రాను' అన్న నా మాట ఆ పూటంతా నా చెవిలోనే తిరిగింది. ఎక్కడో విన్న గొంతులా ఉంది. సాయంత్రానికి తెలిసింది. పొద్దున్నే నన్ను బోనెక్కించే గొంతు అది. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు, హోమం లేదు. నేను వెళ్లకపోతే ఆ మూడూ వెనక్కి వస్తాయి. గుప్పెడు బియ్యం మీద పంతానికి పెళ్లి మొత్తాన్నీ పురోహితుడి చేతుల్లో పెట్టి, దాన్నే సిద్ధాంతం అనుకోవడం మా బోటి వాళ్లకే చేతనవుతుంది.

పిల్లకు ఫోన్ చేసి, వాళ్లత్తగారితో ఒకసారి మాట్లాడతానన్నాను. నా భార్య, నేను కోదాడ బస్సెక్కాం.

పెళ్లికొడుకు తల్లి మమ్మల్ని ముందుగదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది. యుద్ధానికి సిద్ధంగా ఉందని చీర కొంగు బిగించిన తీరులోనే తెలిసింది.

"అన్నయ్యగారూ, మీరు పెద్ద వక్తలని విన్నాను. నాకు వాదించడం రాదు. పూజారి వద్దన్నారు, సరేనన్నాను. ముహూర్తం వద్దన్నారు, ఆదివారం పెట్టుకున్నాం. హోమం వద్దన్నారు, పోన్లే, పొగ తప్పింది అనుకున్నాను. నాలుగు గింజలు నా కొడుకు తలమీద వేసుకోవడానికి కూడా మీ పర్మిషన్ కావాలా?"

"పూలరేకులు వేయొచ్చు గదమ్మా" అన్నాను.

"పూలు ఎమ్మెల్యేల మీద చల్లుతారండీ."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చింది కాబట్టి కొంచెం నొప్పిగా కూడా అనిపించింది.

"అక్షింతలు వేస్తే ఏమవుతుందని మీ నమ్మకం?" అని అడిగాను. వాదించడానికి కాదు, ఆమె పక్షమేమిటో తెలుసుకోవడానికి.

"ఏమవుతుందో నాకేం తెలుసండీ. నా పెళ్లప్పుడు మా అమ్మ వేస్తూ తలమీద చెయ్యి పెట్టి నొక్కింది. అంతే. పూలు దూరం నుంచి విసిరేయొచ్చు. ఇవి వెయ్యాలంటే దగ్గరికి రావాలి కదా."

దీన్ని ఖండించవచ్చు. దగ్గరికి రావడానికి బియ్యమెందుకు, పసుపెందుకు అని అడగవచ్చు. నా దగ్గర నాలుగైదు జవాబులు ఉన్నాయి, అన్నీ పదునైనవే. ఏదీ అనాలనిపించలేదు.

"నేను వెయ్యను. మీరు వేసుకోండి. నేను వేదిక దిగను" అన్నాను.

"దిగితే మేం ఊరుకుంటామా?" అంటూ టీ పెట్టడానికి లేచింది.

పెళ్లి మామూలుగా జరిగింది. ఫంక్షన్ హాల్లో ఫ్యాన్లు సగమే తిరిగాయి. మాత్రల వల్ల నోరు పిడచగట్టుకుపోతోంది, మాట ఇంతకుముందులా దూసుకుపోవడం లేదు. ప్రసంగం క్లుప్తంగా ముగించాను. ఇద్దరూ సమానంగా బతుకుతామని ప్రమాణాలు చదివారు. దండలు మార్చుకున్నారు. తర్వాత ఒక వైపు నుంచి పూలు, ఒక వైపు నుంచి అక్షింతలు పడ్డాయి. పెళ్లికొడుకు తల్లి వేదిక ఎక్కి, కొడుకు తలమీద ముందు వేసి, కోడలి తలమీద రెండు చేతులూ పెట్టింది. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. నా ఒప్పుకోలు ఎంతవరకో నేను కట్టుకున్న ఆ చేతులే చెబుతాయనుకున్నాను.

భోజనాల దగ్గర మిర్యాలగూడ నుంచి వచ్చిన మా సంఘం కుర్రవాడు నన్ను పట్టుకున్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. ఆ వయసులో నేనూ అలాగే ఉండేవాణ్ణి.

"సార్, ఇది రాజీ కాదా?"

"రాజీయే."

"ఇయ్యాల అచ్చింతలు, రేపు వ్రతం చేస్తమంటరు. అప్పుడేం చేస్తరు?"

"అప్పుడు మల్ల కొట్లాడుత. ఇయ్యాల అయ్యగారు రాలేదు, అది సూసినవా?"

"గిది సిద్ధాంతం కాదు సార్."

"కాదు. పెండ్లి. అన్నం తిన్నవా?"

తినలేదన్నాడు. తినను అన్నట్టే అన్నాడు. అతని కోపంలో న్యాయం లేదని నేను అనుకోలేదు. ఇలాంటి కోపం లేకపోతే మా వేదికలు ఎప్పుడో పూజారుల పరమయ్యేవి. కానీ ఆ కోపం ఒక్కటే మిగిలినవాడు ఏదో ఒకనాటికి దాన్ని తనమీదే ప్రయోగించుకుంటాడని అతనికి చెప్పాలనిపించింది. ఎలా చెప్పాలో తెలియక, పక్కన కుర్చీ లాగాను. కాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. పప్పు ఎక్కువ వేశాడని వడ్డించేవాడి మీద విసుక్కున్నాడు.

మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తుంటే నేను అనుకున్నట్టే బోను సిద్ధమైంది. జీవితమంతా కాపాడుకున్నది గుప్పెడు బియ్యానికి అమ్ముకున్నావు. ఔనా, కాదా? చెప్పనిచ్చాను. దాని వాదన బాగానే ఉంది. బలమైన మాటలు ఉన్నాయి. అయ్యాక రెండో పక్షం మొదలుపెట్టింది. పెళ్లి పురోహితుడు లేకుండానే జరిగింది, పిల్ల ఎక్కడా తల దించుకోలేదు. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు. ఎవరూ గెలవని వాదనలో కూర్చుని ఉండటం నాకు కొత్త. అది హాయిగా లేదు. అలసటగా ఉంది. కానీ ఊపిరి ఆడుతోంది.

"ఎట్లున్నది?" అంది నా భార్య. రోజూ అడుగుతుంది. రోజూ నేను అయితే బాగానే ఉందంటాను, లేకపోతే ఇంక నా పని అయిపోయిందంటాను.

"బాగలేదు. నిన్నటంత లేదు."

"గంత చాలు తియ్. ఆ కిటికీ జర ముయ్యి, దుమ్మొస్తున్నది."

మూశాను.