నా బిడ్డ చూపించిన తల్లి

నాకు రాయడం రాదు. టీచరు చదువు చదివే నా బిడ్డ రజితకు తెలియకుండా పక్కింటి అమ్మాయితో ఇది రాయిస్తున్నాను.

మాది జమ్మికుంట. నిరుడు ఒకరోజు రజిత ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పరాయి దేశపు బడిపిల్లలకు పాఠం చెప్పాల్సి వచ్చింది. దానికి మార్కులుంటాయట, కాలేజీ సారు కూడా చూస్తారట. భర్త లేనిదాన్ని మంచి పనికి ఎదురు రాకూడదని మా ఆడబిడ్డ నన్ను వంటింట్లోకి పంపింది. "పోరి మొదటిసారి పాఠం చెప్తుంది. అయిపోయేదాంక గీ దిక్కు రాకు" అంది. బిడ్డ బాగుండాలని నేనూ తలుపు చాటునే నిలబడ్డాను.

పాఠం కుటుంబం గురించి. అక్కడి పిల్లలు తమ తల్లుల ఫొటోలు చూపించారు. ఒక పిల్ల ఏదో అడిగింది. రజిత నవ్వి, "అవ్వా, జర రా! నిన్ను చూస్తరట" అని పిలిచింది.

నేను చీర సర్దుకుని గడప దాటేలోపే ఆడబిడ్డ వెళ్లి రజిత పక్కన కూర్చుంది. "నన్నే చూపియ్యి బిడ్డా. గామె ముఖం చూపెడితే పని చెడుతది" అంది. రజిత ఒకసారి నా వైపు చూసింది. తర్వాత మేనత్త భుజం మీద చెయ్యి వేసి, "మై మదర్" అంది. ఆ ఇంగ్లీషు ముక్క నాకూ తెలుసు.

పిల్లలంతా ఆమెకు చేతులూపారు.

సాయంత్రం రజిత, "నారాజ్ కాకవ్వా, సారు చూస్తుండె" అంది. "ఏం కాలే బిడ్డా" అన్నాను. మంచి మార్కులే వచ్చాయి. నన్ను దాచినందుకే వచ్చాయని ఆడబిడ్డ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

బిడ్డ మీద కోపం లేదని అందరితో అంటాను. కానీ ఉంది. ఎదురు రావద్దని ఊరంతా అంటే పడ్డాను. నా కడుపున పుట్టింది కూడా ఆ మాటకు తలొగ్గిన రోజును మాత్రం మరవలేను.