పేరు కొట్టించిన కంచం

రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు. అమ్మ ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గిన్నె ఏరి పక్కన పెట్టింది. బేరం ఆడలేదు. కూరగాయల బండి దగ్గర కరివేపాకు కొసరు కోసం పావుగంట నిలబడే మనిషి, అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేసరికి కొట్టువాడికే ఏదోలా అనిపించినట్టుంది. నన్ను చూసి, "బిడ్డ పెండ్లా అమ్మా?" అన్నాడు. అమ్మ "ఊఁ" అంది. అతను చిన్న మిషన్ తీసి పేరు కొట్టడానికి కూర్చున్నాడు. స్టీలు సామాను మీద పేరు కొట్టించడం మన ఇళ్లలో మామూలే. ఏ పేరంటంలోనో కలిసిపోకుండా, అంచు కింద కనీ కనబడనట్టు ఇంటి పెద్ద పేరు ఉంటుంది. అమ్మ మాత్రం ముందుకు వంగి, "కంచం నడిమధ్యన కొట్టు బాబూ. పెద్దచ్చరాలు. దూరం నుంచి కనబడాలి" అంది. కొట్టించింది నా పేరు.

ఆ ఏడే నా భర్త పోయాడు. ఊరంతా కంప్యూటర్ల వెంట పడుతున్న రోజులవి. మా ఆయన కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు, రెండు చేతులా సంపాదించేవాడు. జ్వరాలతో మంచం పట్టాడు. అదేం జబ్బో తెలిసేసరికి ఆలస్యమైపోయింది. నాకూ పరీక్ష చేసి హెచ్‌ఐవి ఉందన్నారు. దినాలు అయ్యీ కాకముందే అత్తవారు నా బట్టలు సంచిలో కుక్కి ఇచ్చారు. విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చిన నాన్న అప్పటికే లేడు. చిలకలగూడలో ఒక పోర్షనులో అమ్మ ఒక్కతే ఉండేది. నేను ఆవిడ దగ్గరికి వచ్చి పడ్డాను.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అంటే తిరిగి నాలుగు అనేదాన్ని, నా నోరు అలాంటిది. చేపల పులుసులో నడిమి ముక్క నాకే వేసేది. కానీ ఆ ముక్క పైనుంచి పడేది. గరిట నా కంచానికి తగలకుండా జానెడు ఎత్తునే ఆగిపోయేది. అంతకు ముందు ఆవకాయ అన్నం కలిపితే నాకు తనే నోట్లో పెట్టేది. పెళ్లయి పుట్టింటికి వచ్చిన రోజుల్లో కూడా పెట్టేది. అది మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. నా కంచం నేనే కడుక్కుని, గట్టు మీద విడిగా బోర్లించేదాన్ని. చెప్పుకోవడానికే తలవంపులుగా ఉంది, నాకది న్యాయంగానే తోచేది.

మాలాంటివాళ్లే నడుపుకునే సంఘం ఒకటి బన్సీలాల్‌పేట్‌లో ఉండేది. మందుల గురించి కనుక్కుందామని వెళ్లి, అక్కడే పనిలో చేరాను. రోగుల ఇళ్లకు వెళ్లి, వాళ్లను వెలివేసినట్టు చూడొద్దని ఇంటివాళ్లకు నచ్చజెప్పడం నా పని. అమ్మ ఇరుగుపొరుగుకి మాత్రం కంప్యూటర్ల ఉద్యోగమని చెప్పింది. ఆ రోజుల్లో మెడలో కార్డు, భుజాన సంచి ఉంటే చాలు, చిలకలగూడలో ఎవరైనా నమ్మేవాళ్లు. కింది పోర్షను ఆవిడ వాళ్లబ్బాయి బయోడేటా కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది, మీ కంపెనీలో చూడమ్మా అని. చూస్తానన్నాను. కార్డు మీది అక్షరాలు లోపలికి తిప్పి వేసుకునేదాన్ని. వీధి మలుపు దాటగానే తీసి సంచిలో పడేసేదాన్ని.

సంఘంలో శనివారాలు అందరం కలిసి తినేవాళ్లం. అక్కడి కంచాల మీదా పేర్లుండేవి, ఒక్కో కంచం మీద ఒక్కో పేరు. మాలో ఎవరైనా పోతే ఇంటివాళ్లు ఆ మనిషి కంచం, గ్లాసు తెచ్చి ఇచ్చి వెళ్లేవాళ్లట. ఇంట్లో ఉంచుకోవాలంటే భయం, పాత సామాన్లవాడికి వేద్దామంటే పేరుంది. మొదటి శనివారం నాకు ముద్ద దిగలేదు. ఆ పేర్లన్నీ పెద్దచ్చరాలతోనే ఉన్నాయి.

ఇళ్లకు వెళ్లినప్పుడు నాకో పద్ధతి ఉండేది. వెళ్తూనే ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని కాదు, దాహం వేస్తోందనేదాన్ని. రోగికి వేరుగా పెట్టిన గ్లాసు ఏదో అడిగి, అందులోనే నీళ్లు పోయించుకుని అందరి ముందూ తాగేదాన్ని. ఎత్తి పోసుకోకుండా, గ్లాసు కరుచుకుని. ఇంటివాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. చదువుకున్న మేడమ్ జంకూ గొంకూ లేకుండా తాగేసిందంటే, ఇక మిగతా మాటలు చెవికెక్కేవి. నాకు కూడా ఆ జబ్బుందని మాత్రం చెప్పేదాన్ని కాదు. చెప్పాలా వద్దా అన్నది మా ఇష్టం, సంఘంలో ఎవరూ బలవంతపెట్టరు. చెబితే ఆ నీళ్లు తాగి లాభమేముందని నాకు నేను సర్ది చెప్పుకునేదాన్ని. అసలు సంగతి, చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

బన్సీలాల్‌పేట్‌లోనే పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముకునే ఒకావిడ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. కొడుకు పోయాడు. కోడలికి జబ్బుంది, మనవరాలికి లేదు. కోడలు కొత్తగా మందులు మొదలుపెట్టింది. నలుగురికీ తెలిస్తే గిరాకీ పోతుందని అత్తగారి భయం. కోడల్ని పిండి ముట్టుకోనివ్వదు, మంచం వసారాలోకి మార్చేసింది. ఇంతవరకూ చాలా ఇళ్లలో చూసిందే. ఇక్కడ పిల్ల సంగతి వేరేగా ఉంది. మూడేళ్ల పిల్ల, తల్లి చేతి ముద్దకు అలవాటు పడింది. నానమ్మ పెడితే ఉమ్మేస్తుంది. నానమ్మేమో తల్లిని పెట్టనివ్వదు. పిల్ల మెడ పుల్లలా అయిపోయింది. కోడలు నా చెయ్యి పట్టుకుని, "నాకేం వద్దక్కా. జెర నా బిడ్డకు నన్ను తినవెట్టనియ్యమను" అంది.

నేను దాహమన్నాను, తాగాను. అత్తగారు కళ్లప్పగించి చూసింది. "మేడమ్‌కే ఏం గాదంటె, మాకేమైతది" అని తనలో తను అనుకుంది. పిల్లకు తల్లి పెట్టే సంగతి ఈ నెల మందులు తెచ్చుకున్నాక చూద్దామంది. కోడలి మొహం విప్పారింది. నేను విజయం సాధించినట్టు నడిచి వచ్చాను.

ఆ నెల కోడలికి తోడుగా అత్తగారు కూడా పెద్దాసుపత్రికి వచ్చింది. మందుల వరసలో వాళ్లకంటే ముందు నేను నిలబడి ఉన్నాను. నా మందుల సీసా తీసుకుని వెనక్కి తిరిగితే, ఎదురుగా ఆవిడ. సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. నేను చున్నీ మొహం మీదికి లాక్కుని గోడవారగా వెళ్లిపోయాను. దాహం దాహమంటూ ఊరంతా తిరిగే మేడమ్‌ని, కోళ్ల దొంగలా.

తర్వాత వెళ్లినప్పుడు ఆవిడ కూర్చోమనలేదు.

"ఏందమ్మా, నీకు సుత ఉన్నదంట గద. నిండ మునిగినోళ్లకు చలేంది? గా గిలాసల తాగితె నీకేం బోతది? మమ్ముల్ని పాగల్ చేసినవ్."

ఆవిడ మాట అక్షరాలా నిజం.

"మీ అమ్మకు లేదు గద," అంది. "మీ అమ్మ తింటదా నీ కంచంల? గది చెప్పు."

వసారాలో మంచం మీంచి కోడలు నా మొహంలోకే చూస్తోంది. "తింటుంది" అన్నాను.

"అయితె తోల్కరా. మా ముంగట చెప్పమను."

ఇంటికి వచ్చి అమ్మకు ఇదంతా చెప్పాను. అందులోనూ నా తెలివి వదలలేదు. "నువ్వేం తినక్కర్లేదు. మేమిద్దరం ఒకే కంచంలో తింటామని ఒక్క మాట అను, చాలు. పాపం పసిపిల్ల" అన్నాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. మర్నాడు జరీ అంచు చీర కట్టుకుని "పద" అంది. ఆటోలో నాకు ఒకటే బెంగ, అమ్మ ఆ అబద్ధం తడబడకుండా చెప్పగలదా అని. కన్నతల్లికి అబద్ధం నేర్పి పట్టుకెళ్తున్నానన్న ధ్యాసే లేదు.

అత్తగారు చాప వేసింది. డొంకతిరుగుడు లేకుండా అడిగింది. "నీ బిడ్డ కంచంల నువ్వు తింటవా అక్కా?"

"తినను" అంది అమ్మ.

నేను తల వంచేసుకున్నాను.

"దానికి వేరే కంచం కొన్నాను. ఎవరూ ముట్టకుండా పేరు కొట్టించేను. కలిసి తింటే ఏటీ అవదని అది ఊరందరికీ చెప్తాది. దాని మాట నేనే నమ్మలేదు. భయమమ్మా. ఏటి చెయ్యను?"

అత్తగారు వెళ్లి గుమ్మంలో నిలబడింది. తన మాటలే ఇంకో యాసలో విన్నట్టు అనిపించిందేమో. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. నా గుట్టు కాస్తా మా అమ్మే, జరీ అంచు చీరలో కూర్చుని, పరాయి ఇంట్లో విప్పేసింది. కోడలి వైపు చూడడానికి మొహం చెల్లలేదు.

అప్పటికి కోడలు వసారాలో అన్నం ముందు కూర్చుని ఉంది, పప్పన్నం కలిపి సగం తిని ఆపేసింది. గుమ్మం లోపల నానమ్మ కొంగు పట్టుకుని పిల్ల ఆ కంచం వైపే చూస్తోంది. అమ్మ పిల్లని చూసింది. నన్ను చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, వసారాలోకి వెళ్లి కోడలి ఎదుట చతికిలబడింది. అరచెయ్యి చాపి, "ఒక ముద్ద పెట్టు తల్లీ" అంది.

కోడలు వెనక్కి జరిగింది. "వద్దమ్మా. ఎంగిలి."

"పెట్టమన్నాను కదే."

కోడలు ముద్ద అరచేతిలో పెట్టింది. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. అది నాకు కనబడింది, అత్తగారికీ కనబడింది. ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. "ఉప్పు తక్కువైంది" అంది.

అత్తగారు పిల్ల గుప్పిట్లోంచి కొంగు విడిపించుకుని, "పో" అంది. పిల్ల రెండోసారి చెప్పించుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటో చిలకలగూడ చేరింది. మా వీధి వస్తోందనగా, "ఊరందర్నీ అడిగేవు. నన్నొక్కదాన్ని అడగలేదేటే?" అంది.

"సిగ్గేసిందమ్మా."

"నా దగ్గరేటే సిగ్గు?" అంది. ఆటోవాడు వింటున్నాడని నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం అమ్మ గట్టు మీంచి నా కంచం తీసింది. ఇద్దరికీ సరిపడా అన్నం పెట్టి ఆవకాయ కలిపింది. నూనె దిగి నా పేరు ఎర్రగా తేలింది. తనొక ముద్ద తిని, అదే చేత్తో రెండోది నా నోటి దగ్గరికి తెచ్చింది. ఇంటింటికీ తిరిగి ఏం కాదని చెప్పిన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా మొహం పక్కకు తిప్పేసుకున్నాను.

"వద్దమ్మా. నా ఎంగిలి నీకెందుకు" అన్నాను.

అమ్మ చెయ్యి దించలేదు. "నోరు తియ్యే గుంటా" అంది.