ఆ వాక్యానికి ఊ రాలేదు

దెయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మా నాన్నగారు బడిపంతులు. చీకట్లో ఏదైనా చప్పుడైతే, దీపం పట్టుకెళ్ళి చూసి రమ్మని నన్నే పంపేవారు. వెళ్తే పిల్లో పందికొక్కో తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. అలా పెరిగినదాన్ని, ఇలాంటిది రాయాల్సి వచ్చినందుకు నాకే చిరాగ్గా ఉంది.

నేను రాజమండ్రికి కాపురానికి వచ్చిన కొత్తల్లో మా వీధి ఆడవాళ్ళలో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మద్రాసు నుంచి నెలనెలా వచ్చే పత్రికలో అప్పుడొక నవల పడుతుండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కింటి కామేశ్వరమ్మ గారి వసారాలో కూర్చుని దాన్ని పైకి చదవడం నా పని. మిగతావాళ్ళు విస్తళ్ళు కుడుతూ వినేవారు. ఎవరో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే చదువూ ఆగుతుంది. పురాణమైనా కథైనా మా వైపు అదే పద్ధతి. ఊ కొట్టడం ఎదురింటి పేరమ్మ గారి వంతు.

నవల్లో భర్త నలుగురిలో ఎంతో నెమ్మదస్తుడు. ఇంట్లో పెళ్ళాన్ని మాటలతో పొడిచి, అన్నం మాన్పించి, దానికి మతి చెడిందని ఊరందరినీ నమ్మించి, గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఆమె రెండో భార్య.

"అంత నిదానస్తుడికి ఊరికే కోపం వస్తుందాండీ? ఇదే ఏదో చేసుంటుంది" అనేవారు పేరమ్మ గారు. నాకు ఒళ్ళు మండిపోయేది. రాసిందంతా వినిపిస్తున్నా ఆవిడకి మొగుడి మీదే జాలి.

కామేశ్వరమ్మ గారు ఏమీ అనేవారు కాదు. కోడలు సూరమ్మ అసలు తలెత్తేదే కాదు. కామేశ్వరమ్మ గారి కొడుకు కచేరీలో గుమాస్తా, వీధిలో తల వంచుకుని నడిచే మనిషి. సూరమ్మ అతనికి రెండో భార్య. మొదటావిడ జ్వరంతో పోయిందని చెప్పుకునేవారు. సూరమ్మ మోచేతుల మీద మచ్చలు చూసి ఒకసారి అడిగాను. పొయ్యి దగ్గర కాలిందంది. నెలనెలకీ ఆ పిల్ల చిక్కిపోతోంది. ఈ ఇంట్లో ఇదీ పోతుందేమోనని నాకు భయంగా ఉండేది. అయితే పొరుగింటి కాపురం గురించి ఎవరితో ఏమని చెప్పను?

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది, వసారాలో మేం నలుగురమే. కామేశ్వరమ్మ గారి కొడుకు పని మీద నిడదవోలు వెళ్ళాడు. నేను తల వంచుకుని, తాళం వేసిన గది ఘట్టం చదువుతున్నాను. వాక్యం వాక్యానికీ ఊ వస్తోంది. పుట తిప్పబోతూ తలెత్తి చూస్తే, పేరమ్మ గారు గోడకి చేరబడి గుర్రు పెడుతున్నారు.

కామేశ్వరమ్మ గారి చేతిలో పుల్ల ఆగిపోయింది. ఆవిడ సామాన్ల గది తలుపు వైపు చూస్తున్నారు. ఆ తలుపుకి తాళం ఉంది. సూరమ్మ మాత్రం ఆకు మీద ఆకు పెట్టి కుడుతూనే ఉంది.

పేరమ్మ గారిని తట్టి లేపి మరో వాక్యం చదివాను. తలుపు వెనకనుంచి ఊ వచ్చింది. వెంటనే సన్నగా ఒక దగ్గు. పేరమ్మ గారు నా చెయ్యి పట్టేసుకున్నారు, కాబట్టి ఇది నా ఒక్కదాని భ్రమ కాదు.

కామేశ్వరమ్మ గారు బొడ్లోంచి తాళంచెవి తీసిచ్చారు. నేనే తెరిచాను. చింతపండు జాడీలు, ఆకుల కట్టలు. కిటికీ లేదు, ఇంకో తలుపు లేదు. జాడీలన్నీ జరిపి చూశాను. తిరిగి తాళం వేసి వచ్చి కూర్చున్నాను.

"చదువమ్మా రత్నం" అన్నారు కామేశ్వరమ్మ గారు.

చదివాను. మళ్ళీ ఊ మొదలైంది. నవల్లో ఇరుగుపొరుగు మొదటి భార్య గురించి అడుగుతారు. "పాపం, జ్వరంతో పోయింది" అంటాడు భర్త.

ఊ రాలేదు.

ఆగాను. ఆ వాక్యమే మళ్ళీ చదివాను. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడోసారి నోరు తెరిచేలోగా కామేశ్వరమ్మ గారు కుడుతున్న విస్తరి పక్కన పెట్టేశారు.

"జ్వరం కాదులే అమ్మా" అన్నారు. "నాకు తెలుసు. ఆ దగ్గూ తెలుసు."

నవల్లో మొగుణ్ణి పేరమ్మ గారు వెనకేసుకు రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే కామేశ్వరమ్మ గారు కోడల్ని స్వయంగా కాలవ పడవ ఎక్కించి ద్రాక్షారామం దగ్గర పుట్టింటికి తీసుకెళ్ళి దింపి వచ్చారు. కొడుకు తిరిగొచ్చాక తలుపులు వేసుకుని ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అతను పెళ్ళాన్ని తీసుకురావడానికి వెళ్ళిన దాఖలా మాత్రం లేదు. నవల చివరికంటా చదివాం. ఊ కొట్టింది పేరమ్మ గారే.

చాలా ఏళ్ళకి ద్రాక్షారామం గుడిలో సూరమ్మ కనిపించింది. ఒళ్ళు చేసి నిండుగా ఉంది. ఆ రోజు నీకు భయం వెయ్యలేదా అని అడిగాను.

"భయమెందుకండీ?" అంది. "ఆయన నన్ను ఆ గదిలో పెట్టి తాళమేసినప్పుడల్లా నా గోడు నాలో నేనే చెప్పుకునేదాన్నండి. ఆ మొదటావిడే ఊ కొట్టేది."

మా నాన్నగారుంటే దీపం పట్టుకెళ్ళి చూసి రమ్మనేవారు. పట్టపగలే చూశాను. జాడీలు తప్ప ఏమీ లేవు.