కన్ను తెరిచాక వచ్చిన ఫొటో

మెయిల్ సర్వర్ మార్చినవాళ్లు ఆ సంగతి మాకు చెప్పలేదు. దానివల్ల, జ్వరంతో చనిపోయిన ఒక పిల్లకు మేము ఆ పిల్లది కాని ముఖం చెక్కి ఇచ్చాం. ఇది జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. నా కోపం చల్లారలేదు, చల్లారాలని నాకు కోరికా లేదు.

మొన్న నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మీ మెయిల్ కొత్త సర్వర్‌కు మారింది, సెట్టింగులు వాటంతటవే మారిపోయాయి, మీరేమీ చేయనక్కరలేదు అని. చదివి ఫోను మంచం మీదికి విసిరేశాను. ఇంత మర్యాద ఆనాడు ఎక్కడికి పోయిందో!

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లు మాది. పనితనమంతా మా తమ్ముడి చేతిలో ఉంది, నా చేతికి అబ్బలేదు, అందుకని రాయి కొనడం, బేరాలాడటం, జవాబులు రాయడం నా వంతయ్యాయి. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుతూ ఇంగ్లీషు కూడబలుక్కున్నవాణ్ణి, యాభై దాటాక కంప్యూటరూ అట్లాగే నేర్చుకున్నాను. రెండువేలు దాటిన ఆ తొలి ఏళ్లలో బెంగళూరు, మద్రాసు బేరాలన్నీ మెయిల్లోనే నడుస్తుండేవి కాబట్టి నంద్యాలలో ఒక చిన్న కంపెనీ దగ్గర కనెక్షన్ తీసుకున్నాను. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్టు, అది కలిసేలోగా కీచుమనే అరుపులు, కలిశాక ఇంట్లో ఎవరూ ఫోను ముట్టుకోకూడదని కేకలు.

కోయిలకుంట్ల పక్క పల్లెకు చెందిన ఒక ఇంజనీరు శ్రీశైలం డ్యాము కాడ సున్నిపెంట క్వార్టర్లలో ఉండగా ఆయన కూతురు, ఏడేళ్ల పిల్ల, జ్వరంతో పోయింది. ఆ తర్వాత ఆయనను ఎక్కడో ఈశాన్యపు కొండల్లో డ్యాము పనికి పంపారు. సంవత్సరీకం నాటికి సొంత చేనులో, సమాధి పక్కన, పాప విగ్రహం నిలపాలని ఆయన మా దగ్గరికి వచ్చాడు. ఒక పెళ్లి ఫొటో చేతిలో పెట్టాడు. అందులో పాప పెద్దవాళ్ల మధ్య బిగుసుకొని నిలబడి ఉంది, సగం ముఖం నీడలో.

"ఇది గుర్తుకు మాత్రమే ఆచారీ. మా పాప ముఖం ఇట్లుండదు. మంచి ఫొటోలు మా ఇంట్లో ఆమె కాడుండాయి, బయటికి తీయమంటే ఏడుస్తాది. నిదానంగా అడిగి మెయిల్లో పంపిస్తా, అంతదంక ముఖం ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్లాడు.

ముట్టుకోలేదు. ఒళ్లంతా పూర్తయి, గౌను కుచ్చెళ్లు, వీపున జడ కూడా తేలి, ముఖం మాత్రం ఉత్త రాతిముద్దగా ఉన్న ఆ బొమ్మ పందిరి కింద నిలబడి ఉంటే, నేను రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ నొక్కేవాణ్ణి. కొత్త మెయిల్స్ ఏమీ లేవు అని అది రోజూ నమ్మకంగా చెప్పేది. బేరాల మెయిల్స్ కూడా రాకపోతే, గిరాకీ లేని రోజులు గదా అనుకున్నాను. ఆయన ఆఫీసుకు ఫోను చేస్తే, ఎత్తినవాడికి తెలుగు రాదు, నాకు హిందీ రాదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దేవుడి బొమ్మకైనా మనిషి బొమ్మకైనా కనుపాపలు చెక్కి కళ్లు ఆఖరున తెరుస్తాం, తెరిచాక ఆ ముఖం మీద మళ్లీ ఉలి ఆనించం. మా నాయన పెట్టిన కట్టు అది, మా తమ్ముడు దాన్ని ఎన్నడూ దాటినవాడు కాదు. సంవత్సరీకం దగ్గరపడింది.

"ఇంకెన్నాళ్లు కాచుకుందామన్నా? ఆ పెట్టెను అడిగి అడిగి నువ్వే బక్కచిక్కిపోతాండావ్. ఉండే ఫొటోతోనే చేస్తా" అన్నాడు తమ్ముడు. ఆ నీడలోని ముఖాన్నే చెక్కి, మంచిరోజు చూసుకుని పొద్దున్నే కళ్లు తెరిచాడు.

ఆ మరుసటి వారమే మాతో విగ్రహం బేరంలో ఉన్న ఆత్మకూరు గుడి పెద్ద ఒకాయన బస్సు దిగి నేరుగా మా పందిరి కిందికి వచ్చాడు. "ఏందప్పా, రాళ్లు కొట్టీ కొట్టీ నువ్వూ రాయైపోతివా? మెయిల్ మీద మెయిల్ పెడతాండా, ఉలుకూ లేదు పలుకూ లేదు!" ఆయన మెయిల్ ఒక్కటీ నాకు రాలేదు. ఆయనకు మంచినీళ్లయినా ఇచ్చానో లేదో, నంద్యాల బస్సెక్కాను.

బస్టాండు దగ్గర మేడమీద ఉండేది ఆ కంపెనీ ఆఫీసు. కుర్చీలో ఉన్న అబ్బాయి తల కూడా ఎత్తలేదు.

"సర్వర్ మారింది పెద్దాయనా. సెట్టింగులు మార్చుకోమని అందరికీ చెప్పినాం గదా."

"ఎప్పుడు చెప్పినావు? యాడ చెప్పినావు?"

"మీ మెయిల్‌కే పంపినాం."

"పాత సర్వర్‌కా, కొత్తదానికా?"

వాడు "కొత్తదానికే" అన్నాడు.

పాతదాన్ని ఆపనైనా ఆపలేదట. ఎవరూ ఉత్తరం వేయని ఆ పెట్టెను నేను రోజూ తెరిచి చూస్తున్నానన్నమాట. వాడు చీటీ మీద రాసిచ్చిన కొత్త సర్వర్ పేరును ఇంటికొచ్చి, సెట్టింగుల్లో, మెయిల్ వచ్చేచోట ఒకసారి, పోయేచోట ఒకసారి కొట్టాను. అంతే, ఆగిపోయినవన్నీ వరసగా దిగడం మొదలైంది. ఫొటోలు పంపాను చూశారా అని ఇంజనీరు మెయిల్. అందాయా, మా ఆవిడ రోజూ అడుగుతోంది అని ఇంకొకటి. ఫోను దొరికినప్పుడల్లా చేస్తున్నాను, మీ నంబరు ఎప్పుడూ ఎంగేజ్ అని మరొకటి. ఆ తీగ మీదే, ఆయన మెయిల్ కోసమే, నేను కాచుకుని కూర్చున్నానని ఆయనకెట్లా తెలుస్తుంది?

ఆఖరున ఫొటో తెరిచాను. ఆ రోజుల్లో ఫొటో పైనుంచి కిందికి చారలు చారలుగా వచ్చేది. రేగిన జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, నవ్వుకు సగం మూసుకుపోయిన కళ్లు వచ్చాయి, ఆ తర్వాత ముందుపళ్లు రెండూ ఊడిన నోరు, బుగ్గన సొట్ట. తమ్ముడు రాతిదుమ్ము చేతులతో వాకిట్లోనే నిలబడి చూశాడు. "కన్ను తెరిచేస్తి గదన్నా" అని మాత్రం అని పందిరి కిందికి వెళ్లిపోయాడు. ఆ పూట మళ్లీ ఉలి చప్పుడు వినిపించలేదు.

ఇంకో రాయి తెచ్చి చెక్కే వ్యవధి లేదు. తల్లిదండ్రులు ఊరు చేరకముందే తమ్ముడు బొమ్మను ట్రాక్టర్‌లో తీసుకుపోయి చేనులో నిలిపి వచ్చాడు. నేను పోలేదు. జరిగింది జరిగినట్లు ఇంజనీరుకు మెయిల్ రాసి, వేరే బొమ్మ చెక్కిస్తామన్నాను. కంపెనీకి కూడా ఘాటుగా రాశాను. వాళ్లు ఈ రోజువరకూ పలకలేదు.

మా చిన్నప్పుడు మనిషి ఇల్లు మారితే పోస్టుమ్యాను ఆ వీధంతా అడిగి ఉత్తరం ఇచ్చేవాడు, దొరక్కపోతే రాసినవాడికే తిప్పి పంపేవాడు. అందలేదన్న సంగతైనా ఒకరికి తెలిసేది. ఇప్పుడు అన్నీ వాటంతటవే మారిపోతున్నాయి, మంచిదే. కానీ తప్పు జరిగిందని చెబితే తల ఎత్తి చూసే ముఖం ఎక్కడుందో నాకు తెలియడం లేదు. ఆనాడు నాకు జవాబిచ్చింది ఆ తండ్రి ఒక్కడే, అదీ సంవత్సరీకం ముగించుకుని తిరిగి ఆ కొండలకు చేరాక. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆయన తెలుగు ఇది:

"ఆచారి గారికి, బొమ్మ చూశాం. ముఖం మా పాపది కాదు. మా ఆవిడ వెనక్కి వెళ్లి చూసి, వీపు మా పాపదే అంది. అందుకని ముఖం చేనువైపుకు తిప్పి పెట్టించాం. మేము కూర్చునే చోటికి జడ కనిపిస్తుంది. వేరేది చెక్కొద్దు."