లాంబ్రెట్టా మీద పేరు

బాబ్జీ అంకుల్‌కి నేను చేసిన అన్యాయానికి పావుగంట పట్టింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి చెప్పిన అబద్ధానికి అర నిమిషం కూడా పట్టలేదు. ఇది జరిగి పాతికేళ్ళయింది. ఎవరితోనూ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అంకుల్ సింగపూర్‌లోనే పుట్టాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి మలయాలో కొబ్బరి తోటల పనికి వచ్చిన కుటుంబం. తండ్రి యర్రయ్య ఆ తోటలు వదిలి సింగపూర్ వచ్చి, సెంబవాంగ్‌లో ఇంగ్లీషువాళ్ళ ఓడల మరమ్మతు పనిలో చేరాడు. అంకుల్ బస్సుల డిపోలో మెకానిక్కు. వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాటు. భార్య పోయింది, తల్లి కుమారమ్మగారు ఆయన దగ్గరే ఉండేది. తెలుగు గలగలా మాట్లాడేవాడు, అందులో అరవమూ మలయూ కలగలిసిపోయి ఉండేవి. చదవడం మాత్రం రాదు. బళ్ళో ఇంగ్లీషు, వీధిలో మలయ్. ఇక తెలుగు అక్షరాన్ని ఆ ఇంటికి ఎవరు తీసుకొస్తారు?

నేను తొంభై ఎనిమిదిలో వెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చోవడం తెలిసిన ప్రతివాడికీ వీసా దొరుకుతున్న రోజులవి. నాకూ దొరికింది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తల్లకిందులవుతాయని ప్రపంచం వణికిపోతుంటే, ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచెయ్యడం నా పని. క్లెమెంటిలో నలుగురం ఒక ఫ్లాటు తీసుకున్నాం. ఆదివారం వస్తే మిగతా ముగ్గురూ సాయంత్రం దాకా నిద్రపోయేవాళ్ళు. నేను రైలెక్కి ఎక్కడో ఒకచోట దిగి తిరిగేవాణ్ణి.

అలా ఒక ఆదివారం క్రాంజి దగ్గర టీ అంగడి ముందు ఒక పాత వెస్పా కనిపించింది. పాలమీగడ రంగు, కొత్త పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నాలో నేనే "మా నాన్నది అచ్చం ఇలాంటిదే" అనుకున్నాను. పైకే అనుకున్నట్టున్నాను.

"ఏటి తంబీ, తెలుగోడివా?" అన్నాడు టీ తాగుతున్న పెద్దమనిషి. "మకాన్ అయిందా, తిండి తిన్నావా? కూకో."

బందరు నుంచి వచ్చానన్నాను. అది శ్రీకాకుళానికి ఎంత దూరమని అడిగాడు. ఆయన ఎప్పుడూ చూడని ఊరి గురించి నేను కూడా ఎప్పుడూ చూడకుండానే అరగంట చెప్పాను. తర్వాత వెనక ఎక్కించుకుని లిమ్ చూ కాంగ్ రోడ్డు మీద తిప్పాడు. ఒకవైపు సమాధులు, ఒకవైపు కోళ్ళ ఫారాలు, పైన చెట్ల నీడ. నలభై దాటనిచ్చేవాడు కాదు. "ముసలిదాన్ని నడిపించాల గాని పరిగెత్తించకూడదు" అనేవాడు. ఆ రోజు నుంచి ఆదివారాలన్నీ ఆయనవే అయ్యాయి.

సుంగై కడుత్‌లో కలప గోడౌన్ల మధ్య ఆయన చైనా స్నేహితుడి షెడ్డు ఉండేది. దాని వెనక మూల అంకుల్‌ది. పాత స్కూటర్లు ఎక్కడెక్కడివో తెచ్చి, విప్పి, కడిగి, లేని సామాను మలేషియా తుక్కు దుకాణాల్లో వెతికి, ఏడాదికొకటి బతికించేవాడు. నాకు కార్బొరేటర్ విప్పడం, ప్లగ్గు గీకడం, కేబుల్ మార్చడం నేర్పాడు. తిట్టేవాడు కాదు. తప్పు చేస్తే నా చేతిలో పనిముట్టు మెల్లగా తీసుకుని తనే చేసి, మళ్ళీ విప్పి నా చేతిలో పెట్టేవాడు. అంత ఓపిక నాకు లేదు. లేదని అప్పుడు తెలియదు కూడా.

మూలలో టార్పాలిన్ కింద యర్రయ్యగారి లాంబ్రెట్టా స్కూటరు ఉండేది. ఆయన పోయాక అంకుల్ బావ కొన్నాళ్ళు తొక్కి, ఎర్ర రంగు కొట్టించి, మలేషియాలో జొహోర్ దగ్గర తన పెరట్లో పడేశాడు. అంకుల్ దాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంజను ఎప్పుడో బాగుచేశాడు. కిక్కు కొడితే లేచేది. రంగు దగ్గరే ఆగిపోయాడు.

దానికో కథ ఉంది. అంకుల్‌కి పదకొండేళ్ళప్పుడు కుమారమ్మగారు మొగుడి మీద అలిగి, చంటిపిల్లను చంకనేసుకుని, మలయాలో పేరాక్ వైపు బాగన్ దతోకు, తన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలు రాలేదు. ఒకరోజు యర్రయ్య ఎవరో రాసిచ్చిన కాగితం ముక్క ముందు పెట్టుకుని, లాంబ్రెట్టా ఎడమ పక్క ఇంజను మీద కప్పే రేకు ముందు గొంతుక్కూచుని, దాని ఆకుపచ్చ రంగు మీద సన్న కుంచెతో తెల్లగా ఏదో రాశాడు. పూటంతా రాశాడు. ఆయన వేలిముద్రగాడు. కాగితంలో ఉన్నదాన్ని చూసి బొమ్మ గీసినట్టు గీశాడు. "ఏటది నాన్నా?" అంటే "నీకెందుకురా" అన్నాడు. మర్నాడు కొడుకుని వెనక ఎక్కించుకుని రెండు రోజులు నడిపి బాగన్ దతో వెళ్ళాడు. కుమారమ్మగారు తిరిగొచ్చింది, కానీ ఆ రాత వంక చూడలేదు, చూసినా ఆవిడకి చదువు రాదు. నెల తిరక్కుండా తోటి పనివాళ్ళు నవ్వుతున్నారని యర్రయ్యే దాని మీద నీలం రంగు పూసేశాడు. ఆ నీలం మీద బావగారి ఎరుపు.

"తెలుగే తంబీ. గుండ్రంగా, జిలేబీలాగ. నాకు గురుతుంది" అనేవాడు అంకుల్.

ఆ రాత ఏమిటో తెలుసుకోవడం, ఇక ఆయనకి జీవితంలో మిగిలిన కోరిక అదొక్కటే. రంగు గీకే వాటర్ పేపరు నీళ్ళలో ముంచి, ఆ రేకు మీద ఎరుపు తీసి, నీలం తీసి, తెలుపు తగలగానే ఆగేవాడు. ఆదివారానికి బొటనవేలంత. నన్ను ఆయన అంతగా చేరదీయడానికి నేను చదవగలగడం కూడా ఒక కారణమని నాకు తెలుసు. అందులో చిన్నతనమేమీ అనిపించలేదు, గర్వంగానే ఉండేది.

రెండువేల సంవత్సరం ఫిబ్రవరిలో మొదటి అక్షరం బయటపడింది. "కు" అన్నాను. అంకుల్ చేతిలో వాటర్ పేపరు కింద పెట్టేశాడు.

"మాయమ్మ పేరు కుమారమ్మ" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆవిడ చేపల పులుసు వడ్డిస్తుంటే ఈ సంగతి చెప్పాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడ, గరిటె ఆపకుండా, "కుక్క అని రాసుంటాడు. ఆయనకి నేనేటి, కుక్కేటి" అంది. "నలభై ఏళ్ళు కాపరం చేసినాను. ఒసే, ఏమే, ఇదిగో. అంతే. నా పేరు ఆ నోట్లోంచి ఒక్కపాలి ఇన్లేదు. నాకోసం వచ్చినాడా బాగన్ దతో? వండిపెట్టే దిక్కు లేక వచ్చినాడు."

నేను నవ్వాను. అంకుల్ నవ్వలేదు. మా ఇళ్ళల్లోనూ మగవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు, అందులో వింతేముందని నేననుకున్నాను. ఆవిడకి మాత్రం అది చిన్న సంగతి కాదని గిన్నె తీసి వంటింట్లోకి వెళ్ళిన తీరులో తెలిసింది.

మే నెలలో నా కంపెనీ నన్ను సిడ్నీ పంపిస్తున్నట్టు చెప్పింది. మూడు వారాల్లో వెళ్ళాలి. అంకుల్‌కి చెప్పి, కాస్త త్వరగా గీకమన్నాను. "ఎక్కడికి పోతాది తంబీ, నలబై ఏళ్ళు ఉంది" అన్నాడు. తర్వాతి వారం బాగన్ దతోలో ఎవరిదో పెళ్ళని తల్లిని తీసుకుని నాలుగు రోజులు వెళ్ళాడు.

నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. తెలివైనవాళ్ళ చేతుల్లో కొంపలు మునిగినన్ని మూర్ఖుల చేతుల్లో మునగలేదు. ఆయన తిరిగొచ్చేసరికి ఆ రేకు మొత్తం తేటగా కనిపిస్తుంటే ఎంత సంబరపడతాడో అనుకున్నాను. హార్డ్‌వేర్ షాపులో ఒక డబ్బా పెయింట్ రిమూవర్ కొన్నాను. మెత్తగా పూసి, పై పొర ఉబ్బగానే తుడిచేస్తే ఎరుపు పోతుంది, ఇంకోసారి పూస్తే నీలం పోతుంది, తెలుపు దగ్గర ఆపేస్తాను. కాగితం మీద లెక్క బాగానే ఉంది. ఒక మూల కాస్త పూసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. మా పనిలో ఏది చెడగొట్టినా నిన్నటి కాపీ ఒకటి ఎక్కడో భద్రంగా ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండేళ్ళుగా అలాగే బతుకుతున్నాను. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను.

పూసిన రెండు నిమిషాలకి రంగు బుడబుడ ఉబ్బింది. పైదొక్కటే కాదు, అన్నీ కలిసి. గాభరాపడి గుడ్డతో తుడిచాను. ఎరుపు, నీలం, అడుగున ఆకుపచ్చ, వాటిమధ్య తెల్లటి చార, అంతా గుడ్డకే వచ్చేసింది. నీళ్ళు పోశాను. ఇంకా తుడిచాను. రేకు అద్దంలా మెరుస్తోంది. "కు" కూడా లేదు. గుడ్డ విప్పి చూశాను. దాని మీద ఉన్నది ఎవరూ చదవలేరు.

అంకుల్ వచ్చిన రోజు ఆఫీసుకి సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళి, కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతవరకూ మనిషినే. ఆయన లేచి వెళ్ళి రేకు మీద అరచెయ్యి ఆనించాడు. ఇటు చివర నుంచి అటు చివరకి మెల్లగా తడిమాడు. కోపం కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది, కొట్టినా బాగుండేది.

"సదివినావా తంబీ?" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. "పోయేముందు సదివినావా?"

ఆ గొంతులో ఆశ ఉంది. దాన్ని నేను భరించలేకపోయాను.

"చదివాను అంకుల్."

"ఏటుంది?"

"కుమారమ్మ."

ఆయన అక్కడే బోర్లించిన నూనె డబ్బా మీద కూలబడ్డాడు. చేతులతో మొహం కప్పుకున్నాడు. "సాలు. నువ్వు సదివినావు గదా, సాలు" అన్నాడు. నా భుజం తట్టాడు కూడా. ఎవర్నైనా ఎందుకు నమ్మకూడదో ఆయనకి ఎవరూ నేర్పలేదు.

తర్వాత నన్ను కాగితం మీద ఆ పేరు రాసిమ్మన్నాడు. "ఎట్లుందో అట్లాగే రాయి" అన్నాడు. రాశాను. నా "మ" కొంచెం వంకర, కొమ్మును చివర బడిలోనే మాస్టారు తిట్టినంత పొడుగ్గా లాగుతాను. అన్నీ అలాగే రాశాను. అంకుల్ రేకుకి ఆకుపచ్చ రంగు వేసి, ఆరనిచ్చి, ఆదివారం దాని ముందు గొంతుక్కూచుని, సన్న కుంచెతో, ఒక్కొక్క గీతా నా కాగితంలో చూసుకుంటూ దించాడు. పూటంతా పట్టింది. నేను పక్కనే కుంచెలు కడుగుతూ కూర్చున్నాను. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల కొట్టుకుంటూనే ఉంది. కడిగిన కుంచెలే మళ్ళీ కడిగాను.

సాయంత్రం లాంబ్రెట్టా వాళ్ళ ఫ్లాటు కిందికి నడుపుకొచ్చి, కుమారమ్మగారిని లిఫ్టులో కిందికి తీసుకొచ్చాడు. ఆవిడ కర్ర పక్కన పెట్టి, ఒంగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది నా పేరేనా?" అని నన్ను అడిగింది. అంకుల్‌ని కాదు, నన్ను.

"మీ పేరే అమ్మా."

"వేలిముద్రగాడు" అంది. "సంతకం ఎట్టడం రానోడు. నా పేరొక్కటి నేర్సినాడా?" పమిట కళ్ళకి అడ్డం పెట్టుకుంది. "నేను సూడనైనా సూళ్ళేదురా బాబ్జీ. రెండు రోజులు ఎండలో వచ్చినాడు, నేను అటేపు సూళ్ళేదు. ఎంత కసాయిదాన్ని."

నలభై ఏళ్ళు మొగుణ్ణి తిట్టుకున్న ఆవిడ, ఆ సాయంత్రం నుంచి తనను తిట్టుకోవడం మొదలెట్టింది. నేను ఆమెకి సంతోషం ఇచ్చానని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఇచ్చింది సంతోషమొక్కటే కాదని నాకు తెలుసు.

మరుసటి వారం సిడ్నీ వెళ్ళిపోయాను. ఏడాదికొకసారి ఫోను చేసేవాణ్ణి. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దామనే చేసేవాణ్ణి. లాంబ్రెట్టా బాగుందనీ, అమ్మ రోజూ ఒకసారి కిందికి దిగి చూస్తుందనీ అంకుల్ చెప్పేవాడు. ఆ తర్వాత నేనేం చెప్పను?

రెండువేల నాలుగులో ఆయన దగ్గర్నుంచి కవరు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. అమ్మ పోయింది. చివరి రెండేళ్ళూ స్కూటరు ముందు కుర్చీ వేసుకుని ఆ అక్షరాలు చూసి రాయడం నేర్చుకుంది. ఎనభై దాటాక, పింఛను కాగితం మీద మొదటిసారి వేలిముద్ర మాని సంతకం పెట్టింది. నీకు చూపించమంది.

లోపల గళ్ళ కాగితం ముక్క ఉంది. వణికే గీతలతో "కుమారమ్మ" అని, కింద మళ్ళీ, మళ్ళీ, పేజీ నిండా. మొగుడి చేతిరాత దిద్దుతున్నాననుకుంది ఆవిడ. ప్రతి "మ" వంకరగా ఉంది. ప్రతి కొమ్మూ చివర పొడుగ్గా లాగి ఉంది.