గున్నమ్మ గడ్డం మీద పచ్చబొట్టు

కోరాపుట్ దగ్గర సెమిలిగుడలో దాలయ్య ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పలేరు. సున్నం దాలయ్య అంటే మాత్రం జంక్షన్‌లో లారీ క్లీనరు కూడా దారి చూపిస్తాడు. అతను సున్నం అమ్మేవాడు కాడు, ఫోటోగ్రాఫరు. గోడకు సున్నం కొట్టినట్టు మనుషుల ముఖాలకు తెలుపు కొడతాడని ఎవరో ఎగతాళికి అన్నారు, అదే ఇంటిపేరై కూర్చుంది. దాలయ్య నొచ్చుకోలేదు. బోర్డు రాయించుకోనక్కర్లేకుండా పోయిందని నవ్వేవాడు.

పెళ్ళైన కొత్తలో పార్వతీపురం వైపు నుంచి పెళ్ళాంతో వచ్చి బస్టాండు పక్కన స్టూడియో పెట్టుకున్నాడు. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక చుట్టుపక్కల స్టూడియోలన్నీ ఒకటొకటే జెరాక్సు కొట్లుగా మారిపోయాయి. దాలయ్య నిలబడ్డాడు. ముల్లును ముల్లుతోనే తీయాలని తెలిసినవాడు కనుక, తన పొట్ట కొట్టిన ఫోన్నే పనిలో పెట్టుకున్నాడు. కొత్త కెమెరా కొన్నాడు, దానికి జోడుగా ఫోనులో ఒక యాప్ వేయించుకున్నాడు. కెమెరా నొక్కితే చాలు, ఫోటో తనంతట తానే ఫోనులోకి వచ్చి పడుతుంది. దాన్ని ఇంకో యాప్‌లో వేసి వేలితో రుద్దితే నలుపు తెలుపవుతుంది, గుంటలు పూడుకుంటాయి, మచ్చలు మాయమవుతాయి. పెళ్ళికూతురు పీటల మీంచి లేవకముందే దామంజోడి నుంచి విజయనగరం దాకా చుట్టాల ఫోన్లలో పాలరాతి బొమ్మలా నవ్వుతూ ఉండేది. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ అందరూ అతన్నే పిలిచేవారు. ఎవరి ముఖం వారికి నచ్చని లోకంలో అలాంటివాడికి పనికేం కరువు?

కొత్త యాప్ ఏది దిగినా ముందు పెళ్ళాం మీద పరీక్ష చేసేవాడు. గున్నమ్మది చామనచాయ. బుగ్గల మీద మంగు, గడ్డం మీద పచ్చబొట్టు. తుడవవలసినవన్నీ ఒక్క ముఖంలోనే దొరుకుతాయి, పైగా డబ్బివ్వక్కర్లేదు. పిలిచినప్పుడల్లా ఆమె పొయ్యి మీద కూర వదిలేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చునేది.

మొదటిసారి ఫోను చేతికిచ్చినప్పుడు ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"నా పచ్చబొట్టేదీ?" అంది.

"మచ్చనుకొని తుడిచీసింది. బాగుంది కదేటి?"

"మచ్చ కాదది. మా అమ్మమ్మ వొళ్ళో కూకోబెట్టుకొని పొడిపించింది. నానేడుత్తుంటే నోట్లో బెల్లమ్ముక్కెట్టింది."

"ఇప్పుడెవులడిగేరే నీ పచ్చబొట్టు? కూకో, ఇంకోటి తీత్తాను."

కూర్చుంది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆడమనిషి నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టేనని లెక్క కట్టుకునే మగవాళ్ళలో దాలయ్య మొదటివాడూ కాడు, చివరివాడూ కాడు.

కెమెరాకు జోడుగా వేయించుకున్న యాప్ ఫోనులోకి తెచ్చేది చిన్న సైజు నకలు మాత్రమే. అసలు ఫోటో కెమెరా కార్డులోనే ఉండిపోతుంది. దాలయ్యకు ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళిళ్ళవాళ్ళ అసలు ఫోటోలు ఆల్బమ్ అయ్యేదాకా భద్రంగా దాచేవాడు. గున్నమ్మవి మాత్రం కొత్త పెళ్ళికి వెళ్ళే ముందు కార్డు ఖాళీ చేసినప్పుడు మొదటి దెబ్బకే పోయేవి. ఫోనులోనూ జాగా సరిపోదని, దిద్దిన ఫోటోను నకలు మీదే సేవ్ చేసేవాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇంట్లో ఉండే మనిషే కదా, కావలసినప్పుడు తీసుకోవచ్చుననుకున్నాడు.

పోయిన వానాకాలం గున్నమ్మకు జ్వరం తగిలింది. అది మెదడుకెక్కే మలేరియా. కోరాపుట్ ఆసుపత్రిలో చేర్చినా మనిషి దక్కలేదు. దాలయ్య గుండెలు బాదుకుని ఏడ్చాడు. అది దొంగ ఏడుపని ఎవరన్నా అంటే పాపం తగులుతుంది, నిజంగానే ఏడ్చాడు. కానీ దినవారం దగ్గరపడేసరికి చెయ్యి పని వెతుక్కుంది. వాళ్ళల్లో దినం నాడు పోయినవాళ్ళ ఫోటోను కుర్చీలో పెట్టి, బొట్టు పెట్టి, ఎదురుగా ఆకు వేస్తారు. ఆ మనిషికి ఇష్టమైనవి చుట్టాలు తలా ఒకటి అందులో పెడతారు. మొదటి ముద్ద పుట్టింటివాళ్ళది. వాళ్ళు పెట్టనిదే ఇంకెవరూ పెట్టకూడదు, భోజనాల పంక్తి కూర్చోకూడదు.

ఊళ్ళో ఎందరికో చావు ఫోటోలు చేసిపెట్టిన చెయ్యి అతనిది. ఫోనులోంచి అన్నిటికన్నా బాగున్నదని ఒకటి ఎంచాడు. చిన్న నకలు కదా, పెద్దది చేస్తే అలుక్కుపోయింది. దాన్ని ఇంకా రుద్ది నున్నగా చేసి, ఫ్రేము కట్టించి, బంతిపూల దండ వేసి కుర్చీలో పెట్టాడు. వచ్చినవాళ్ళు ఫోటో బాగుందన్నారు. అతనికీ తృప్తిగానే అనిపించింది.

పుట్టింటి తరఫున గున్నమ్మ అక్క బుల్లమ్మ వచ్చింది. ఇంటి దగ్గర వండి తెచ్చిన ఎండుచేపల పులుసు గిన్నె పట్టుకుని కుర్చీ ముందు కూర్చుంది. తలెత్తి ఫోటో చూసింది. పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదెవులు?" అంది.

"గున్నమ్మే వొదినా," అన్నాడు దాలయ్య.

"మా సెల్లి గెడ్డం మీద పచ్చబొట్టేదీ? సచ్చినోళ్ళెంట వచ్చే సొమ్ము అదొక్కటే. అది తుడిచీసి తోలేత్తావేటి? ఈవిడెవులో నానెరగను. నాను కూడెట్టను."

గిన్నె పక్కన పెట్టేసింది. ఆకలి మీదున్న జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఒక్క సిటం ఆగండొదినా, అసలుది తెత్తాను," అని దాలయ్య ముందు గదిలోకి పరిగెత్తాడు.

కూతురు ఉషారాణి వెనకే వచ్చింది. ఇద్దరూ ఫోను తిరగేశారు. వందల గున్నమ్మలు, ఒక్కదానికీ పచ్చబొట్టు లేదు. కెమెరా కార్డు ఖాళీ. పెళ్ళినాటి ఫోటో చెమ్మకు ఆల్బమ్‌కే అతుక్కుపోయింది, అందులోనూ తల వంచుకునే ఉంది. ఆధార్ కార్డులో మసి బొమ్మ. ఉషారాణి ఫోనులో ఉన్నవి తండ్రి పంపినవే. తను స్వయంగా తీసినవాటిలో ఆ తుడిచే పని ఫోనే ముందుగా చేసిపెట్టింది. చేతులు కాలాక ఆకులు వెతుక్కోవడమంటే ఇదే.

"నాన్నా, సచ్చిపోయినోళ్ళకి ఫోటోలో కళ్ళు తెరిపించి ఇత్తావు కదా. పచ్చబొట్టు గీసీలేవేటి?" అంది ఉషారాణి.

ఆ మాటతో అతనికి ప్రాణం లేచొచ్చింది. ఫోటో తెరిచాడు, పచ్చబొట్టు రంగు ఎంచాడు, ముఖం దగ్గరికి లాగి గడ్డం మీదికి వేలు తెచ్చాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

నడిమధ్యనా? ఒక పక్కకా? చుక్కలా, గీతా? చుక్కలైతే ఎన్ని? ఒకటి పెట్టాడు, చెరిపాడు. పక్కన ఇంకోటి పెట్టాడు, అదీ చెరిపాడు. ఆ గడ్డాన్ని అంత దగ్గరికి లాగి చూసినవాడు ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. చూసిన ప్రతిసారీ తుడవడానికే చూశాడు.

"అమ్మీ, మీ అమ్మకి ఏ పక్కుండేదే?"

ఉషారాణి నోరు తెరిచి, తెలియక, ఏడవడం మొదలుపెట్టింది.

చేసేది లేక అతను ఫోను పట్టుకుని అందరి ఎదుటికీ వచ్చాడు. బుల్లమ్మ ముందు చతికిలబడ్డాడు.

"వొదినా, ఎక్కడుండేదో సెప్పండి. ఇప్పుడే ఎట్టీత్తాను."

బుల్లమ్మ ఫోను వైపు చూడలేదు, అతని ముఖంలోకి చూసింది. అప్పటిదాకా ఉన్న కోపం ఆమె గొంతులోంచి పోయింది. కోపమే ఉండి ఉంటే దాలయ్యకు నయంగా ఉండేది.

"ఇన్నేళ్ళు కాపరం సేసి నువ్వు నన్నడుగుతున్నావా?" అంది. "నాను సెప్పను దాలయ్యా. సెప్తే అదక్కడ గీసీసి, నా పెళ్ళాం మొకం నాకు తెలుసని గోడకేలాడదీసుకుంటావు."

లేచి, ఫోటో తీసి గోడవైపు తిప్పి పెట్టింది. గున్నమ్మ రోజూ కట్టే చీర మడిచి కుర్చీలో వేయించింది. దానికి బొట్టు పెట్టి, ఆకులో పులుసు పోసి, అన్నం ముద్ద పెట్టింది. తర్వాత చుట్టాలు వరసగా వచ్చారు. ఉషారాణి అరిసె పెట్టింది. పక్కింటి కస్తూరి పనసకూర పెట్టింది.

చివరికి దాలయ్య వంతు వచ్చింది. ఆమెకు ఇష్టమైనది పెట్టమన్నారు. అతను ఆకులో మిగతావాళ్ళు ఏం పెట్టారో చూసి, వాటిలోదే ఒకటి తనూ పెట్టాడు.