ఒక్క నిమిషం బాబాయి

గుండె చికిత్స గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆ టెక్నీషియన్‌ని ఏమడిగినా ఒకటే జవాబు: "ఒక్క నిమిషం!" నిమిషానికి అరవై సెకన్లే ఉండాలన్న నియమాన్ని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. భోజనానికి పిలిస్తే ఒక్క నిమిషం, గిన్నెలన్నీ చల్లారిపోయేవి. బస్సు డ్రైవరుకీ అదే మాట చెప్పి, నడిచి ఇల్లు చేరేవారు. అందరికీ ఆయన ఒక్క నిమిషం బాబాయి.

పైగా గోడ గడియారమంటే ఆయనకు గిట్టదు. రోగి వచ్చేలోపే దాని మొహం గోడవైపు తిప్పేసేవారు. కొత్తగా చేరిన నర్సు మళ్లీ ఇటు తిప్పేది.

"టైము చూసి రాసుకోవద్దా బాబాయ్?"

"నీ చేతికి వాచీ ఉందిగా తల్లీ. దానికెందుకు మన మొహాలు?"

తన ఆలస్యాలకి సాక్ష్యం లేకుండా చేసుకుంటున్నారని ఆమె అనుమానం.

ఆరోజు బల్ల మీద ఎనభై ఏళ్లు దాటిన పెద్దాయన, గడియారాలు బాగుచేసేవాడు. తొడ మొదట్లోని రక్తనాళం గుండా గుండెకి కొత్త కవాటం పంపి అమర్చారు. అది చక్కగా పనిచేస్తోంది. ఇక దాన్ని పంపిన చిటికెనవేలంత లావు గొట్టం తీసి, ముందే వేసి ఉంచిన రెండు దారాలు బిగించి, నాళానికి పడ్డ చిల్లు మూయాలి. డాక్టరు గొట్టం తీసి మొదటి ముడి బిగించాడు. రెండోది బిగిస్తుంటే దారం పుటుక్కున తెగింది.

రక్తం ఎగజిమ్మింది. నర్సుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె అరిచేలోపే బాబాయి మూడు వేళ్లు అక్కడ దిగాయి.

"పది నిమిషాలు చూద్దాం," అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "ఆగకపోతే కోసి కుట్టాల్సిందే. ఈ వయసులో తట్టుకోవడం కష్టం."

గట్టిగా నొక్కితే కాలికి రక్తం అందదు, వదులైతే చిమ్ముతుంది. నర్సు పాదం మీద నాడి పట్టుకుంది.

"కొడుతోందా తల్లీ?"

"లేదు బాబాయ్... ఆఁ, సన్నగా తగులుతోంది!"

"అయిపోయిందా బాబూ?" మూలిగాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం పెద్దాయనా."

పది నిమిషాలయ్యాక వేళ్లు కాస్త సడలిస్తే మళ్లీ రక్తం ఊరింది. కబురందిన సర్జన్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకొంచెంసేపు చూడనివ్వండి సార్," బతిమాలారు బాబాయి. ఆయన మోచేతులు వణుకుతున్నాయి.

"అయిందా?" మళ్లీ మూలిగాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం!"

నర్సుకి ఒళ్లు మండింది. "నిజం చెప్పొచ్చుగా?" అంది చెవిలో.

"అరగంట అంటే హడలిపోయి కదులుతాడు తల్లీ. ఒక్క నిమిషమైతే ఎవరైనా ఓర్చుకుంటారు," అన్నారాయన అంతకన్నా మెల్లగా. గడియారం గోడవైపు ఎందుకు తిరిగిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

చివరికి ఆయన ఒక వేలు ఎత్తారు. రెండోది. మూడోది. చుక్క రాలేదు. పాదం మీద నాడి టకటకా కొట్టింది. ఇక తన పని లేదని సర్జన్ వెనక్కి తిరిగాడు. నర్సుకి ఏడుపొకటే తక్కువ.

"అయిపోయింది పెద్దాయనా! ఒక్క నిమిషమని చెప్పానా?"

"ముప్ఫై ఎనిమిది," అన్నాడు పెద్దాయన నవ్వుతూ. "గడియారం మొహం తిప్పితే మాత్రం దాని చప్పుడు వినబడదా? నీ చెయ్యి వణుకుతోంది కదా, పాపం, నమ్మినట్టే ఉందామనుకున్నా."

బాబాయి కొయ్యబారిపోయిన వేళ్లు విదిలించుకుంటూ తెల్లమొహం వేశారు.

మర్నాడు రోగి రాకముందే గడియారాన్ని గోడవైపు తిప్పింది నర్సే. పనిలో పనిగా బ్యాటరీ కూడా తీసేసింది.